జన్యువు వచ్చిందని జెనెటిక్సే చదివించాలా?

ప్రశ్న: మావారి నుంచి మా అమ్మాయికి ఎఫ్‌ఏపీ (పెద్దపేగులో పాలిప్స్ అనే చిన్న కండ బొడిపెలు వందలాదిగా పెరిగి, క్యాన్సర్‌గా మారే ప్రమాదమున్న వంశపారంపర్య జబ్బు) వచ్చింది. పెద్దపేగు నిండా పాలిప్స్ ఉన్నందున ఒకటి రెండేళ్లలో దాన్ని తీసివేయాలని డాక్టర్లు చెప్పారు. తనకిప్పుడు 17 ఏళ్లు. ఆర్కిటెక్చర్ చదువుతానంటోంది. జెనెటిక్స్‌కు మంచి భవిష్యత్తు ఉంది, తన జబ్బు గురించీ తెలుసుకుంటుందని మా ఉద్దేశం. ఏది మేలు?

జవాబు: అమ్మా, ఇలాంటి తల్లిదండ్రులు నన్ను కోర్సు గురించే అడుగుతారు గాని, వారికి నిద్ర పట్టనివ్వనిది బిడ్డ తన కాళ్లపై నిలబడగలదా అన్న భయం. నిలబడగలదు. ఈ జబ్బుకు కారణమైన ఏపీసీ జన్యువును 1991లో గుర్తించినందువల్లే నేడు రక్తపరీక్షతో ముందే తెలుసుకోగలుగుతున్నారు, క్యాన్సర్ రాకముందే పేగు తీసివేస్తున్నారు. ఆ తర్వాత కూడా ఎండోస్కోపీలు జీవితాంతం తప్పవు.

జెనెటిక్స్ మీద ఇప్పుడున్న మోజు నాకు అంతగా రుచించదు. డిగ్రీతో అక్కడ చదువు ఆగదు, చాలామంది పీజీ, పీహెచ్‌డీ దాకా వెళ్లవలసివస్తుంది. పనిలో అధికభాగం కంప్యూటర్ ముందు గణాంకాలతోనే. పైగా తన ఇంటి జబ్బే పాఠంగా, పరీక్షలో ప్రశ్నగా ఎదురవుతుంటే ఆ పిల్లకు ఎలా ఉంటుందో ఆలోచించారా? తన వ్యాధి అర్థం కావడానికి జెనెటిక్ కౌన్సెలర్‌తో ఒక గంట మాట్లాడితే చాలు. కొంచెం కటువుగా చెబుతున్నాను: మీ ఉత్తరంలో "మా ఉద్దేశం" ఉంది గాని, తనకు ఆర్కిటెక్చర్ ఎందుకు ఇష్టమో ఒక్క మాట లేదు. ప్రతి బిడ్డకూ ఈ జన్యులోపం సంక్రమించే అవకాశం సగం. అందులో మీవారి తప్పేమీ లేదు, ఆయన బాధకు పరిహారంగా అమ్మాయి చదువును చెల్లించకండి.

నిజంగా ఆలోచించవలసింది మరుగుదొడ్డి గురించి. పెద్దపేగు లేకపోతే రోజుకు నాలుగైదుసార్లు, మొదటి నెలల్లో ఇంకా ఎక్కువసార్లు వెళ్లవలసివస్తుంది. నీరు, ఉప్పు త్వరగా తగ్గిపోతాయి. కట్టుబడి జరుగుతున్న భవనంలో ఆడపిల్లకు ఆ సదుపాయం చాలాచోట్ల ఉండదు, ఆర్కిటెక్చర్‌లో అసలు ఇబ్బంది అదే. అయితే ల్యాబ్‌లో ప్రయోగం మధ్యలో లేచి వెళ్లడమూ సులువేమీ కాదు. డిజైన్ కార్యాలయంలోనే గడిచే ఉద్యోగాలు ఆర్కిటెక్చర్‌లో ఉన్నాయన్నది మరచిపోకండి.

శస్త్రచికిత్సను కోర్సు మధ్యలో పెట్టుకోకండి. కొందరికి కొన్ని నెలలు పొట్టపై మలం చేరే సంచి ఉంచుతారు కనుక, వైద్యులు ఇప్పుడే చేద్దామంటే ఒక ఏడాది ఆగి చేర్చండి. చేరాక తలుపు దగ్గర సీటుకు, పరీక్ష మధ్యలో బయటికి వెళ్లే అనుమతికి డాక్టరు లేఖ ఇప్పించండి. అందులో జబ్బు పేరు ఉండాలో వద్దో అమ్మాయినే నిర్ణయించనివ్వండి.