యూనియన్ వాడితే క్యాన్ల లెక్క ఎందుకు తగ్గింది?

ప్రశ్న: బెంగళూరు మారతహళ్లిలో ఇళ్లకూ ఆఫీసులకూ మంచినీళ్ల క్యాన్లు పంపే ఒక చిన్న సంస్థలో కంప్యూటర్ పనులు చూస్తున్నాను. మాది పోస్ట్‌గ్రెస్ డేటాబేస్. ఆర్డర్లకు ఏడాదికొక పట్టిక పెట్టుకున్నాము. నెలాఖరు నివేదిక కోసం మూడేళ్ల పట్టికల నుంచి ఖాతా నంబరు, తేదీ, క్యాన్ల సంఖ్య తీసుకుని యూనియన్‌తో కలిపితే 40 నిమిషాలు పడుతోంది. పైగా మొత్తం మా గోదాము లెక్కకన్నా తక్కువ వస్తోంది. నిరుడు కొని ఈ ఏడాది మానేసిన ఖాతాల కోసం నాట్ ఇన్ (‘ఈ జాబితాలో లేనివి’) తో రాసిన క్వెరీ, అంటే డేటాబేస్‌ను అడిగే ప్రశ్న, రెండు నెలలుగా ఒక్క వరుస కూడా ఇవ్వడం లేదు. సర్వర్‌కు మెమరీ పెంచమని యజమానిని అడగమంటారా?
– ఒక పాఠకుడు, బెంగళూరు

జవాబు: అప్పుడే అడగకండి. లెక్క తగ్గడమూ, వరుసలు రాకపోవడమూ మెమరీతో తీరేవి కావు. ఆలస్యం కూడా చాలావరకు క్వెరీని సరిదిద్దితే తీరుతుంది.

యూనియన్ అని రాసినప్పుడు మీరు డేటాబేస్‌కు రెండు పనులు అప్పగిస్తున్నారు: పట్టికలను ఒకదాని కింద ఒకటి చేర్చడం, ఆపైన అచ్చంగా ఒకేలా ఉన్న వరుసల్లో ఒక్కదాన్నే ఉంచి మిగతావి తీసేయడం. చేర్చడానికి పెద్ద ఖర్చు లేదు. నకళ్లను ఏరివేయాలంటే మాత్రం లక్షల వరుసలను క్రమంలో పెట్టుకోవాలి, లేదా హ్యాష్ పట్టికలో (విలువను బట్టి గళ్లలో సర్దుకునే పట్టికలో) వేసుకోవాలి. కేటాయించిన మెమరీలో అవి పట్టకపోతే డిస్కు మీద రాసి మళ్లీ చదువుకోవాలి. మీ 40 నిమిషాల్లో ఎక్కువ భాగం అక్కడే పోతోందని నా అంచనా. ఇంత శ్రమపడి అది చేస్తున్నది మీకు నష్టమే. ఒక ఇంటివారు పొద్దున రెండు క్యాన్లు, సాయంత్రం రెండు క్యాన్లు తెప్పించుకున్నారనుకోండి. మీరు ఎంచుకున్న మూడు కాలమ్‌లలో ఆ రెండు ఆర్డర్లకూ తేడా ఏమీ ఉండదు కనుక యూనియన్ ఒకదాన్ని పారేస్తుంది. మీ లెక్కకూ గోదాము లెక్కకూ పొంతన కుదరకపోవడానికి ఇదే కారణమై ఉండాలి. ఏ ఏడాది ఆర్డరు ఆ ఏడాది పట్టికలోనే ఉంటుంది కాబట్టి ఏరివేయవలసిన నకళ్లు మీకు లేనే లేవు. యూనియన్ ఆల్ అని రాయండి; అది చేర్చడంతోనే ఆగుతుంది.

1970లో ఐబీఎంలో ఉన్న ఎడ్గర్ కాడ్ డేటాబేస్‌ల కోసం ప్రతిపాదించిన నమూనా గణితంలోని సమితుల మీద నిలిచింది. సమితిలో ఒక అంశం రెండుసార్లు ఉండదు. తరువాత వచ్చిన ఎస్‌క్యూఎల్ (డేటాబేస్‌ను ప్రశ్నించే భాష) పట్టికలు మాత్రం నకళ్లను ఒప్పుకున్నాయి. అందుకే రెండు రకాల యూనియన్లు అవసరమయ్యాయి. చిన్న మాటకు ఖరీదైన పని, పొడుగు మాటకు చవకైన పని దక్కడం నా దృష్టిలో దురదృష్టమే. అలవాటుగా చెయ్యి చిన్న మాట మీదికే పోతుంది.

ఇక నాట్ ఇన్. ఈ ఏడాది పట్టికలో ఖాతా నంబరు లేని వరుస ఒక్కటైనా చేరిందేమో చూడండి; గోదాముకే వచ్చి క్యాను కొనుక్కుపోయేవారి ఆర్డర్లు అలా చేరుతుంటాయి. అలా ఖాళీగా ఉన్న చోటును నల్ అంటారు. నల్ అంటే సున్నా కాదు, ‘తెలియదు’ అని అర్థం. 512వ ఖాతా ఈ జాబితాలో లేదు కదా అని అడిగితే, ఆ తెలియని నంబరు 512 అయినా కావచ్చు కనుక డేటాబేస్ ‘లేదు’ అని తేల్చి చెప్పదు. ప్రతి ఖాతాకూ ఇదే గతి పడుతుంది, ఫలితం శూన్యమవుతుంది. సరిపోలే వరుస ఉందా లేదా అని మాత్రమే చూసే నాట్ ఎగ్జిస్ట్స్‌తో రాస్తే ఈ చిక్కు ఉండదు. పోస్ట్‌గ్రెస్ దాన్ని యాంటీ జాయిన్‌గా (రెండో పట్టికలో జోడీ దొరకని వరుసలనే ఉంచే పద్ధతిగా) మార్చి వేగంగా నడుపుతుంది.

ఒక జాబితాలో ఉండి రెండోదానిలో లేని వరుసలను ఇచ్చే ఎక్సెప్ట్ కూడా వాడవచ్చు, అయితే అది మీరు ఎంచుకున్న కాలమ్‌లన్నిటినీ పోలుస్తుందని మరువకండి. పేరు, చిరునామా కూడా పెడితే, ఇల్లు మారిన ఖాతాదారు మీ దగ్గర కొంటూనే ఉన్నా మానేసినవారి జాబితాలోకి వస్తాడు. వరుస వెడల్పయ్యే కొద్దీ పోలికకూ క్రమానికీ పట్టే మెమరీ పెరుగుతుంది. ఖాతా నంబర్లు మాత్రమే పోల్చి, వచ్చిన కొద్దిపాటి ఫలితానికి చివర్లో పేర్లు జతచేయండి.

ఖాతా నంబరు మీద ఇండెక్స్ ఎందుకు ఉండాలో పెళ్లి పిలుపుల జాబితాలతో చెప్పుకోవచ్చు. మగపెళ్లివారి జాబితా, ఆడపెళ్లివారి జాబితా రెండూ ఇంటిపేర్ల అక్షరక్రమంలో ఉంటే, రెండింటి మీదా చెరొక వేలు పెట్టి, వెనకబడిన వేలిని ముందుకు జరుపుతూ పోతే చాలు. ఒక్కసారి కిందికి దిగేసరికి ఎవరు రెండు చోట్లా ఉన్నారో తేలిపోతుంది. జాబితాలు చిందరవందరగా ఉంటే ముందు వాటిని సర్దుకోవాలి. ఇండెక్స్ అంటే ముందే సర్దిపెట్టిన జాబితా. ఒక జాబితాలో రెండు వందల పేర్లు, మరొకదానిలో లక్షలు ఉంటే పద్ధతి మారుతుంది: పెద్దదాన్ని మొదటి నుంచీ చదవడం దండగ, చిన్నదానిలోని ఒక్కో పేరునూ పెద్దదాని ఇండెక్స్‌లో వెతకడమే మేలు. ఈ ఎంపికను ప్లానర్ (క్వెరీని ఏ దారిలో నడపాలో నిర్ణయించే డేటాబేస్ భాగం) తనే చేస్తుంది, కాని పట్టికల గణాంకాలు పాతబడితే తప్పు దారి పట్టవచ్చు. అందుకే ఎక్కువ డేటా ఎక్కించిన తరువాత, ఆ గణాంకాలను తాజాపరిచే అనలైజ్ నడపాలి.

ఏడాదికొక పట్టిక అన్న ఏర్పాటునే మార్చుకునే వీలుంటే ఆలోచించండి. 2017లో వచ్చిన పదో వెర్షన్ నుంచి పోస్ట్‌గ్రెస్‌లో ఒకే పట్టికను తేదీల వారీగా పార్టిషన్లు (భాగాలు) చేసుకోవచ్చు. అప్పుడు నివేదికకు యూనియన్ ఆల్ కూడా అక్కరలేదు.

ఇవన్నీ చేశాక, క్వెరీ ఎలా నడిచిందో చూపే ఎక్స్‌ప్లెయిన్ అనలైజ్ చూడండి. క్రమంలో పెట్టే పని డిస్కు మీద జరుగుతున్నట్టు ఇంకా కనిపిస్తే, ఒక్కో సార్టు (క్రమంలో పెట్టే పని) ఎంత మెమరీ వాడుకోవచ్చో చెప్పే వర్క్ మెమ్ విలువను ఆ ఒక్క నివేదిక సెషన్‌కు మాత్రమే పెంచండి. మీరు మార్చకపోతే దాని విలువ 4 మెగాబైట్లే. సర్వర్ మొత్తానికి పెంచితే ప్రతి కనెక్షన్‌లోని ప్రతి సార్టూ అంతేసి తీసుకోగలదు, మిట్టమధ్యాహ్నం ఆర్డర్లు వచ్చే వేళ మెమరీ చాలక సర్వరే పడిపోవచ్చు. సెషన్‌కు పెంచడానికి కూడా చోటు లేదని తేలితే, అప్పుడు యజమానిని అడగండి.