రిబ్బను మీది నక్షత్రాలు

ప్రశ్న: అమెరికా మెరీన్ కోర్‌లో సామాన్య సైనికుడిగా పనిచేసిన ఒకరి పాత ఫొటోలో, ఛాతీ మీద ముదురెరుపు రిబ్బను, దాని నడుమ నీలి గీత, ఆ గీత మీద రెండు చిన్న కంచు నక్షత్రాలు ఉన్నాయి. అది యుద్ధంలో చూపిన సాహసానికి ఇచ్చినదేనా?

జవాబు: కాదు. అది 1896లో నెలకొల్పిన సత్ప్రవర్తన పతకానికి సంబంధించిన రిబ్బను. దానిని అధికారులకు కాక, కింది శ్రేణుల సైనికులకు మాత్రమే ఇస్తారు. ప్రస్తుత నియమం ప్రకారం క్రమశిక్షణ తప్పకుండా వరుసగా మూడేళ్లు పనిచేసినవారికి పతకం, ఆపైన అటువంటి ప్రతి మూడేళ్లకూ ఒక నక్షత్రం లభిస్తాయి కనుక, రెండు నక్షత్రాలంటే మచ్చలేని తొమ్మిదేళ్ల కొలువన్నమాట. చూడటానికి చిన్న గుర్తే అయినా, సంపాదించడం తేలికేమీ కాదు. అసలు పతకంలోనైతే రిబ్బను కింద తుపాకీ ఆకారపు కడ్డీ, దానికి వేలాడే కంచు బిళ్ల కనిపిస్తాయి. శత్రువు చేతిలో గాయపడినవారికిచ్చే పర్పుల్ హార్ట్ రిబ్బను వేరు. అది ఊదా రంగులో, తెల్లని అంచులతో ఉంటుంది.