అమెరికాలో తొలినాటి కరాటే స్పారింగ్ నిజంగా అంత మొరటుగా ఉండేదా?

చాలావరకు నిజమే. స్పారింగ్‌లో, అంటే ఇద్దరు ఎదురెదురుగా తలపడే ఆటలో, అప్పట్లో పళ్లు రాలేవని, ముక్కులు పగిలేవని, ఆ కొట్టుడే ఛాంపియన్లను తయారుచేసిందని మీ కోచ్ చెప్పారని రాశారు. ఆ పళ్లు రాలడం, ముక్కులు పగలడం నేనూ చూశాను. కానీ ఆ కథల్లో అందరూ ధైర్యం గురించే చెబుతారు. నన్నడిగితే, ఆ దెబ్బల్లో సగం పాయింట్లు ఇచ్చే పద్ధతి వల్ల తగిలినవే.

1970ల మొదట్లో ఇంజనీరింగ్ చదవడానికి టెక్సస్ వెళ్లి, సాయంత్రాలు ఒక కరాటే స్కూల్లో చేరాను. దాని పేరు ఇక్కడ చెప్పను. మా గురువు సైన్యంలో ఉండగా కొరియాలో నేర్చుకున్నవాడు. ఆ తరంలో అది మామూలే. తర్వాత సినిమా నటుడైన కరాటే ఛాంపియన్ చక్ నోరిస్ వైమానిక దళంలో పనిచేస్తూ కొరియాలోని ఓసాన్‌లో టాంగ్ సూ డో అనే కొరియా యుద్ధకళ నేర్చుకున్నాడు. మరో ఛాంపియన్ జో లూయిస్ మెరైన్ సైనికుడిగా ఒకినావా దీవిలో షోరిన్-ర్యూ అనే కరాటే శైలి నేర్చుకున్నాడు. పాతికేళ్లు దాటీ దాటని మాజీ సైనికులు గురువులైతే క్లాసులో బుజ్జగింపులు ఏముంటాయి?

ఇక నియమాల సంగతి. ముఖానికి తగిలీ తగలకముందే పిడికిలి ఆపాలనేవారు. మూలల్లో నలుగురు, మధ్యలో ఒకరు న్యాయనిర్ణేతలు. వాళ్లలో ఎక్కువమంది చూశామంటేనే పాయింటు. సరిగ్గా ఆపిన దెబ్బ ఎంతమందికి కనిపిస్తుంది? అదే తగిలితే చప్పుడవుతుంది, ఎదుటివాడి తల వెనక్కి వెళుతుంది, న్యాయనిర్ణేతల జెండాలు లేస్తాయి. అందుకే గెలవాలనుకున్నవాడు తగిలించేవాడు, కాకపోతే రక్తం రానంతగా. ఆ ‘రానంతగా’ ఎంతో ఎవరి లెక్క వారిది. చేతులకు గ్లవ్స్ లేవు, కింద చాపలు లేవు, గట్టి చెక్క నేల. కాలు లాగి పడేస్తే వెన్ను నేరుగా ఆ చెక్కకే తగిలేది. నేను ఆడిన పోటీల్లో గజ్జల్లో తన్నినా పాయింటు ఇచ్చేవారు, కాబట్టి గజ్జలకు రక్షణగా కప్ పెట్టుకోకుండా ఎవరూ బరిలోకి దిగేవారు కాదు.

మా క్లాసులో చివరి అరగంట స్పారింగే. వెల్డింగ్ పని చేసే ఒకాయన ఉండేవాడు, చేతులు చాలా పొడుగు. ఒకసారి ఆయన గుద్దు నా పక్కటెముకలకు తగిలాక కొన్ని వారాలపాటు తుమ్ము వస్తుందంటే భయమేసేది. పైగా ఆయన చాలా మంచివాడు. నన్ను తన ట్రక్కులో హాస్టల్‌కు దింపి, మళ్లీ వారం మళ్లీ అక్కడే కొట్టాడు. ఇంటికి రాసిన ఉత్తరాల్లో మాత్రం ‘వ్యాయామం బాగా సాగుతోంది’ అని రాసేవాణ్ని.

టెక్సస్ ఆటగాళ్లకు మొరటువాళ్లని పేరు తెచ్చినవారిలో డల్లాస్‌కు చెందిన అలెన్ స్టీన్ ముఖ్యుడు. ఆయన గురువు జూన్ రీ. చేతులకూ కాళ్లకూ ఫోమ్ తొడుగులు తయారుచేసి అమెరికా అంతటా వాడుకలోకి తెచ్చింది కూడా ఆ జూన్ రీయే. అవి మా దగ్గరికి వచ్చినప్పుడు సీనియర్లు నవ్వారు. తర్వాత జరిగింది మాత్రం ఎవరూ ఊహించలేదు. పెదవులు చిట్లడం తగ్గింది, తలకు తగిలే దెబ్బలు పెరిగాయి. ఒట్టి పిడికిలితో నుదుటిని గుద్దితే విరిగేది మన వేళ్లే, ఆ భయమే చేతిని కొంత ఆపేది. తొడుగు వచ్చాక ఆ భయం పోయింది. 1974లో లాస్ ఏంజిలిస్‌లో జరిగిన ఫుల్ కాంటాక్ట్ (దెబ్బ ఆపకుండా పూర్తి బలంతో కొట్టే) ప్రపంచ పోటీల్లో జో లూయిస్, బిల్ వాలెస్, జెఫ్ స్మిత్ విజేతలైంది ఆ తొడుగులతోనే. అక్కడ ఎదుటివాణ్ని పడగొట్టడమే లక్ష్యం.

అందుకే ‘అప్పుడు మొరటు, ఇప్పుడు సుకుమారం’ అన్న మాటను నేను ఒప్పుకోను. అప్పటి గాయాలు కళ్లకు కనిపించేవి, మంచుగడ్డ పెట్టుకుంటే కొన్నాళ్లకు తగ్గేవి. తలకు పదేపదే తగిలిన దెబ్బల గురించి అప్పట్లో మా క్లాసులో ఎవరూ మాట్లాడలేదు.

ఆ కొట్టుడే ఛాంపియన్లను తయారుచేసిందన్న మీ కోచ్ వాదన కూడా నాకు నచ్చలేదు. మాతో చేరినవాళ్లలో చాలామంది మొదటి బెల్టు మారకముందే మానేశారు, వాళ్లలో నాకంటే చురుగ్గా కదిలేవాళ్లు ఉన్నారు. మీరు వింటున్నవన్నీ మానకుండా ఉండిపోయినవాళ్లు చెప్పే కథలు.