ముందు బ్రేకుల సంగతి చూడరా

చిరంజీవి వంశీకి మామ ఆశీస్సులు.

నువ్వు వాట్సాప్‌లో పంపిన లిస్టు చూశాను. కొత్త ఎయిర్ ఫిల్టరు, స్టీలు ఎగ్జాస్టు, ఈసీయూ రీమ్యాపు (ఇంజిన్ కంప్యూటరు సెట్టింగులు మార్చడం), డిక్కీ మీద ఒక రెక్క. అంతా కలిపి లక్షా పది వేలు. అందులో బ్రేకులన్న మాట ఒక్కచోట కూడా కనపడలేదు. ఫోన్లో చెబితే "సరే మామా" అని పెట్టేస్తావు, అందుకని కూర్చుని రాస్తున్నాను.

నీ కారు నడపడానికి రేసు ట్రాక్‌కి వెళ్తానన్నందుకు నాకు సంతోషంగానే ఉంది. మీ అమ్మ నా మీద ఎగిరినా సరే, అర్ధరాత్రి ఔటర్ రింగు రోడ్డు మీద పందేలు వేసుకునే వాళ్లతో తిరగడం కంటే ఇది నూరు రెట్లు నయం. 2023 ఫిబ్రవరిలో హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా-ఈ కరెంటు కార్ల రేసు చూసి వచ్చిన రోజు నుంచి నీకీ పిచ్చి పట్టింది. నాకు ఇంటర్ చదివేటప్పుడు పట్టింది. నెల్లూరులో పొద్దున్నే మద్రాసు బస్సెక్కి షోళవరంలో దిగేవాళ్లం. యుద్ధకాలం నాటి పాత రన్‌వే మీద రేసులు. దుమ్ము, ఎండ, పెట్రోలు వాసన. 1990లో ఇరుంగట్టుకోట్టై ట్రాక్ తయారయ్యాక షోళవరం ముచ్చట ముగిసింది. నువ్విప్పుడు వెళ్లేది ఆ ఇరుంగట్టుకోట్టైకే. శ్రీపెరుంబుదూరు పక్కన, 3.7 కిలోమీటర్లు, 12 మలుపులు.

ఇప్పుడు నా సొంత కథ ఒకటి చెబుతాను, మీ అత్తకి కూడా పూర్తిగా తెలియదు. ఇరవై ఏళ్ల కిందట స్నేహితులం కొందరం కలిసి అదే ట్రాక్‌కి వెళ్లాం. నాది మారుతి ఎస్టీమ్ కారు. నేనూ నీలాగే ఫిల్టరు మార్చాను, సైలెన్సరు మార్చాను, మంచి చప్పుడు వచ్చింది. నాలుగు రౌండ్లు బ్రహ్మాండంగా తిరిగాను. ఐదో రౌండులో తిన్నటి దారి చివర బ్రేకు తొక్కితే పెడల్ మెత్తగా నేల దాకా దిగిపోయింది. పత్తి మూటని తొక్కినట్టుంది. మళ్లీ మళ్లీ పంపు కొట్టి, గేరు దించి, రోడ్డు వదిలేసి మట్టిలోకి పోయి ఆగాను. కారుకి గీత పడలేదు, నాకు మాత్రం గంట సేపు చేతులు వణికాయి. తప్పు ఎవరిదీ కాదు, నాదే. కారు కొన్నాక ఒక్కసారి కూడా బ్రేక్ ఆయిల్ మార్పించలేదు.

అలా ఎందుకవుతుందో అర్థం చేసుకో. బ్రేక్ ఆయిల్ గాల్లో తేమని లాక్కుంటుంది, వానాకాలంలో మూత సరిగా పెట్టని ఉప్పు డబ్బాలాగా. డాట్ 4 అనే రకం ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగదు. తేమ పట్టాక అదే 155 దగ్గర మరిగిపోవచ్చు. డాట్ 3 రకమైతే కొత్తగా 205, తేమ పట్టాక 140. ఊళ్లో నడిపితే ఆ వేడి ఎప్పుడూ రాదు కాబట్టి ఏళ్ల తరబడి ఏమీ తెలియదు. ట్రాక్ మీద 140 కిలోమీటర్ల వేగంలో వస్తూ బ్రేకు తొక్కుతావు. 60లో పోయే కారుతో పోలిస్తే అందులో ఐదు రెట్లకు పైగా శక్తి ఉంటుంది. ఆగాలంటే ఆ శక్తంతా వేడిగా మారాలి, అందులో ఎక్కువ భాగం నీ ముందు చక్రాల బ్రేకు డిస్కుల్లోకే పోవాలి. ప్రతి రౌండులో, మళ్లీ మళ్లీ. ఆయిల్ మరిగితే లోపల ఆవిరి బుడగలు పుడతాయి. నువ్వు తొక్కిన బలం ఆ బుడగల్ని నొక్కడానికే సరిపోతుంది, చక్రం దాకా చేరదు.

కాబట్టి మొదటి ఖర్చు అదే. వెళ్లే వారం ముందు పాత ఆయిల్ మొత్తం తీయించి, నాలుగు చక్రాల దగ్గరా గాలి పోయేదాకా బ్లీడ్ చేయించి, కొత్త డాట్ 4 పోయించు. సీలు తీయని డబ్బా నువ్వే కొని తీసుకెళ్లు. షాపులో సగం వాడి పక్కన పెట్టిన డబ్బా వద్దు, మూత తీశాక అదీ తేమ పట్టేదే. డాట్ 5 అని ఇంకొకటి ఉంటుంది, అది సిలికాన్ రకం, నంబరు పెద్దదని మోసపోయి పోయించకు. డాట్ 5.1 వేరే, అది ఫర్వాలేదు. ఆయిలూ కూలీ కలిపి రెండు వేలు దాటదు. పక్కనే నిలబడి చేయించు, "అయిపోయింది సార్" అంటే నమ్మకు. బయటికొచ్చే ఆయిల్ రంగు నీ కళ్లతో చూడు.

ముందు చక్రాల బ్రేకు ప్యాడ్లు సగం కంటే ఎక్కువ మిగిలి ఉంటేనే వెళ్లు. లేకపోతే కొత్తవి వేయించు. కొత్తవి వేసిన రోజే ట్రాక్‌కి తీసుకెళ్లకు, డిస్కుకి అలవాటు పడాలి. ఖాళీ రోడ్డు చూసుకుని 80 నుంచి 20కి గట్టిగానే తగ్గించు, పూర్తిగా ఆపకుండా మళ్లీ 80కి తీసుకెళ్లు. అలా ఎనిమిది పది సార్లు చేసి, తర్వాత బ్రేకు తొక్కకుండా ఐదారు కిలోమీటర్లు నడిపి చల్లారనివ్వు. తీసేసిన పాత ప్యాడ్లు పారేయకు, డిక్కీలో పెట్టుకో. కొత్తవి అక్కడే అరిగిపోతే ఇంటికి రావడానికి పనికొస్తాయి.

తర్వాత టైర్లు. నీ స్విఫ్ట్ సెకండ్ హ్యాండులో కొన్నావు కదా, టైర్ల వయసు ఎప్పుడైనా చూశావా? పక్క గోడ మీద నాలుగంకెలు ఉంటాయి. 2319 అని ఉంటే 2019లో 23వ వారంలో తయారైందని అర్థం. గాడి ఎంత లోతున్నా, ఆరేడేళ్లు దాటిన టైరుతో నేనైతే ట్రాక్ మీదికి పోను. పక్కన ఉబ్బు ఉన్నా, లోపలి అంచు ఎక్కువ అరిగినా అంతే. లోపలి అంచు అరిగిందంటే వీల్ అలైన్‌మెంట్ గానీ, చక్రాన్ని పట్టుకునే లోయర్ ఆర్మ్ బుష్‌లు గానీ పోయుంటాయి, ఆ పని కూడా చూపించు. కారు జాకీ మీద లేపి చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపమను, తర్వాత అటూ ఇటూ. ఆట ఉంటే బేరింగో, బాల్ జాయింటో, టై రాడ్ ఎండో. అది సరిచేయకుండా వెళ్లొద్దు.

గాలి విషయంలో పిల్లలు ఎక్కువ తప్పు చేస్తారు. డోరు దగ్గర స్టిక్కరు మీద ఉన్న లెక్క చల్లని టైరుకి. ట్రాక్ మీద రెండు మూడు రౌండ్లయ్యేసరికి గాలి ఒత్తిడి ఆరేడు పీఎస్ఐ దానంతటదే పెరుగుతుంది. మామూలు టైర్ల పక్క గోడలు మెత్తన కాబట్టి పొద్దున స్టిక్కరు లెక్క కంటే రెండు ఎక్కువ పెట్టుకుని మొదలుపెట్టు. టైరు భుజం మీద సుద్దముక్కతో అడ్డంగా ఒక గీత గియ్యి. అక్కడే పక్క గోడ మీద చిన్న త్రికోణం గుర్తు ఉంటుంది. తిరిగొచ్చాక సుద్ద ఆ త్రికోణం దాటి చెరిగిపోయిందంటే టైరు మరీ ఒరుగుతోంది, గాలి పెంచు. భుజం దాకా అసలు చెరగకపోతే ఒకటి రెండు తగ్గించు. వేడిగా ఉన్నప్పుడు తగ్గించిన టైరు రాత్రికి చల్లబడితే స్టిక్కరు లెక్క కంటే కిందికి దిగిపోవచ్చు. అలాగే హైవే ఎక్కకు. మర్నాడు పొద్దున చల్లని టైరుకి మళ్లీ కొట్టించు. ఒక మంచి గేజి, కాలితో కొట్టే పంపు నీ దగ్గరే ఉండాలి.

వీల్ నట్లు మాన్యువల్లో రాసిన టార్క్‌కి, అంటే అంత బలానికే, టార్క్ రెంచితో బిగించాలి. పంక్చర్ షాపులో గన్ పెట్టి బిగించినవి కొన్ని మరీ బిగువు, కొన్ని వదులు. ప్రతి సెషన్, అంటే ట్రాక్ మీద ఒక్కో విడత, అయ్యాక చక్రాలు కాస్త చల్లారాక ఒకసారి చూసుకో.

ఇంజిన్‌కి నువ్వు చేయాల్సింది తక్కువ. ఆయిలూ ఫిల్టరూ ఈ మధ్య మార్చకపోతే మార్పించు, మాన్యువల్ చెప్పిన గ్రేడే. పొడవైన మలుపులో ఆయిల్ ఒక పక్కకి జరుగుతుంది కాబట్టి డిప్‌స్టిక్ మీద పై గీత దగ్గర ఉండాలి, దాటకూడదు. కూలెంట్ ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే చూడు. రేడియేటర్ రెక్కల్లో దుమ్మూ పురుగులూ ఉంటే నీళ్లతో మెల్లగా కడిగించు. బ్యాటరీ చేత్తో కదిపి చూడు. కొత్త బ్యాటరీ వేసినప్పుడు క్లాంపు బిగించడం చాలామంది మర్చిపోతారు. పెట్రోలు సగం ట్యాంకుకి తగ్గనివ్వకు, తగ్గితే మలుపుల్లో పంపుకి అందక ఇంజిన్ దగ్గుతుంది. మైలేజీ చూసి గుండె ఆగిపోతుంది, 18 ఇచ్చే కారు ఐదో ఆరో ఇస్తుంది.

నీ లక్షా పది వేల లిస్టు జోలికి ఇప్పుడు పోవద్దు. రేపు రెండు మూడుసార్లు వెళ్లొచ్చాక, కారుకి ఏం తక్కువో నీకే తెలిశాక, అప్పుడు మాట్లాడుకుందాం. గట్టిగా బ్రేకు వేస్తే చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ ఫ్యూజు పీకేయమని ఎవడో సలహా ఇచ్చాడన్నావే, వాడితో మాట్లాడటం మానెయ్.

ఇక ట్రాక్‌కి చేరాక కారు ఖాళీ చేయడం. డ్రైవరు వైపు మ్యాటు, వాటర్ బాటిల్, సెంటు సీసా, ఫోను స్టాండు, డిక్కీలో జాకీ, స్టెప్నీ, అన్నీ దించి అక్కడి గ్యారేజీలో పెట్టు. బ్రేకు పెడల్ కింద బాటిల్ దొర్లితే ఏమవుతుందో నేను చెప్పక్కర్లేదు. మీ అమ్మ డ్యాష్‌బోర్డు మీద అతికించిన వినాయకుడిని కూడా తీసి భక్తిగా బ్యాగులో పెట్టుకో. స్వామి ఏమీ అనుకోడు, గట్టిగా బ్రేకు వేసినప్పుడు ఆయన వచ్చి నీ మూతికి తగిలితేనే ఇబ్బంది. కారు లాగే కొక్కెం టూల్ కిట్‌లో ఉంటుంది, దాన్ని ముందే బంపర్‌కి బిగించి ఉంచు.

నీకు ఫుల్ ఫేస్ హెల్మెట్ కావాలి. ఎలాంటిది ఒప్పుకుంటారో నిర్వాహకుల్ని ముందే అడుగు. కాటన్ ఫుల్ చేతుల చొక్కా, ప్యాంటు, పల్చటి అడుగున్న బూట్లు. నైలాను బట్టలు మంటకి ఒంటికి అంటుకుంటాయి, వద్దు. మద్రాసు ఎండ సంగతి తెలుసు కదా. మధ్యాహ్నం బిర్యానీ లాగించకు, పెరుగన్నం తిను, ఓఆర్ఎస్ పొట్లాలు నాలుగు పెట్టుకో.

ఒక చేదు సంగతి కూడా చెప్పాలి. మన కారు ఇన్సూరెన్సు పాలసీల్లో రేసులకీ, స్పీడ్ టెస్టులకీ వాడితే వర్తించదని రాసి ఉంటుంది. నీ పాలసీ తీసి ఆ పేజీ చదువు. గోడకి కొడితే ఖర్చు నీదే అనుకుని బయల్దేరు. ఈఎంఐ ఇంకా 14 నెలలు ఉందన్నావు, అది గుర్తుంటే కాలు దానంతటదే మెత్తబడుతుంది.

అక్కడ పొద్దున చెప్పే బ్రీఫింగ్ ఒక్క ముక్క కూడా వదలకు. పసుపు జెండా అంటే ముందు ప్రమాదం, వేగం తగ్గించు, ఓవర్‌టేక్ వద్దు. పసుపు మీద ఎర్ర గీతలుంటే రోడ్డు జారుతోంది. నీలం అంటే వెనక నీకంటే వేగమైన వాడున్నాడు, అద్దం చూసి దారివ్వు. ఎర్రది అంటే సెషన్ ఆపేశారు, నెమ్మదిగా పిట్‌లోకి, అంటే ట్రాక్ పక్కన కార్లు ఆపే చోటికి, రా. దారివ్వడంలో నామోషీ ఏమీ లేదు, మొదటిరోజు నిన్ను అందరూ దాటుతారు.

ఇన్‌స్ట్రక్టర్ పక్కన కూర్చుంటానంటే రెండు చేతులా దణ్ణం పెట్టి కూర్చోబెట్టుకో. బ్రేకు స్టీరింగు నిటారుగా ఉన్నప్పుడే వెయ్యి. మలుపు మధ్యలో భయపడి యాక్సిలరేటర్ మీది నుంచి కాలు ఒక్కసారిగా తీశావంటే వెనక భాగం తేలికై తిరిగిపోతుంది, ముందు చక్రాలు లాగే కార్లన్నిటికీ ఈ జబ్బుంది. గేరు దించేటప్పుడు చెయ్యి నెమ్మది. నాలుగు నుంచి మూడు వేయబోయి ఒకటో గేరుతో కుస్తీ పట్టిన వాణ్ణి చూశాను.

మొదటి రౌండు టైర్లూ బ్రేకులూ వేడెక్కడానికి, చివరి రౌండు చల్లారడానికి. చివరి రౌండులో వీలైనంత వరకు బ్రేకు ముట్టుకోకు. లోపలికొచ్చి ఆపాక హ్యాండ్‌బ్రేక్ లాగొద్దు, కాలు కూడా పెడల్ మీద ఉంచొద్దు. కాలిన ప్యాడ్లు ఒకేచోట డిస్కుని పట్టుకుని ఉంటే తర్వాత స్టీరింగు వణకడం మొదలవుతుంది. గేరులో వదిలి, చక్రం కింద రాయి పెట్టు. ఇంజిన్ ఒక నిమిషం నడవనిచ్చి ఆపి, బానెట్ ఎత్తు. పెడల్ ముందటికంటే కిందికి దిగినట్టు అనిపించినా, కాలిన వాసన వచ్చినా, ఆ సెషన్‌కి ఇక చాలు. "ఇంకొక్క రౌండు" అనిపించినప్పుడే బయటికి రా. నేను ఎస్టీమ్ మట్టిలో పెట్టింది ఆ ఇంకొక్క రౌండులోనే.

ట్రాక్ అయిన సాయంత్రమే హైదరాబాదు బయల్దేరకు. ఒళ్లు పులిసిపోయి ఉంటుంది, కళ్లు వాటంతటవే మూతలు పడతాయి. శ్రీపెరుంబుదూరులోనే రూము తీసుకుని పడుకో. సోమవారం ఆఫీసుకి సెలవు పెట్టు, ఇప్పుడే పెట్టు.

వెళ్లేటప్పుడు శుక్రవారం రాత్రికి అద్దంకి మీదుగా మా ఇంటికి వచ్చెయ్. శనివారం పొద్దున వాకిట్లో కారు జాకీ ఎక్కించి ఇద్దరం చక్రాలు ఊపి చూద్దాం. నా టార్క్ రెంచి ఇస్తాను, తిరిగొచ్చేటప్పుడు ఇచ్చేయాలి, పోయినసారి స్పానర్ సెట్టు లాగా చేస్తే ఊరుకోను. సోమవారం మధ్యాహ్నానికి మీ అత్త చేపల పులుసు చేస్తానంటోంది. ట్రాక్ సంగతి ఆమెతో నేను చెప్పలేదు, మద్రాసులో స్నేహితుడి పెళ్లి అన్నాను. నువ్వూ అదే చెప్పు.

మీ మామ
నెల్లూరు