చుక్కాని పట్టడం వచ్చు, స్కిప్పర్ కావాలంటే?

ప్రశ్న: మా అమ్మాయి రెండేళ్లుగా సెయిలింగ్ క్లబ్‌లో చిన్న తెరచాప పడవలు నడుపుతోంది. ఇప్పుడు క్లబ్‌వారి క్యాబిన్ కీల్‌బోట్‌కు స్కిప్పర్ అర్హత సంపాదిస్తానంటోంది. ఎలా సిద్ధం కావాలి? రేపు ఉపాధికి పనికొస్తుందా?

జవాబు: చిన్న పడవలు నడిపిన చేతికి గాలి మర్మం తెలుస్తుంది. ఆ పునాది చాలా విలువైనది. అయితే చిన్న పడవ బోల్తా పడితే నిలబెట్టుకుని మళ్లీ ఎక్కుతారు. కీల్‌బోట్ అడుగున బరువు ఉంటుంది కాబట్టి అంత తేలిగ్గా బోల్తా పడదు. కానీ టన్నుల బరువున్న ఆ పడవ రేవుగోడ మీదికి వెళ్తుంటే చేత్తో ఆపలేం, ఆపబోతే వేళ్లు నలుగుతాయి. అందుకే మీ అమ్మాయి ముందుగా నేర్చుకోవలసింది తెరచాపల పని కాదు, ఇంజిన్‌తో రేవు చేరడం.

వెనుక గేరు వేయగానే పడవ వెనుక భాగం ఒక పక్కకు జరుగుతుంది. చాలా పడవల్లో అది ఎడమ పక్కకే. వేగం బాగా తగ్గితే చుక్కాని మాట వినదు. గాలి తక్కువగా ఉన్న రోజున నీళ్లలో తేలే బోయా ఒకదాన్ని ఎంచుకుని, దాని పక్కనే పడవను ఆపడం ఇరవైసార్లు సాధన చేయమనండి. రేవు దగ్గర పడకముందే తాళ్లు సిద్ధం చేసి, ఎవరు ఏ తాడు పట్టాలో చెప్పడం కూడా స్కిప్పర్ పనే.

మనిషి నీళ్లలో పడినప్పుడు ఏం చేయాలో కలలో అడిగినా చెప్పగలగాలి. పడ్డవారికి తేలే సాధనం విసరాలి. ఒకరు చూపు తిప్పకుండా వారివైపే చెయ్యి చూపిస్తూ ఉండాలి. తాడేదైనా నీళ్లలో వేలాడుతోందేమో చూశాకే ఇంజిన్ వేయాలి, లేకపోతే ప్రొపెల్లర్‌కు చుట్టుకుంటుంది.

1972 నాటి అంతర్జాతీయ ఢీ నివారణ నిబంధనలు చదవాలి. రెండు తెరచాప పడవలు ఎదురైతే, ఎడమ నుంచి గాలి అందుకుంటున్నది తప్పుకోవాలి. వెనుక నుంచి వచ్చి దాటి వెళ్లేది మాత్రం గాలి ఎటున్నా తానే తప్పుకోవాలి. పడవల్లో మాట్లాడుకునే వీహెచ్‌ఎఫ్ రేడియోలో ఆపద పిలుపు 16వ ఛానెల్‌లో.

ఇక ఉపాధి. క్లబ్ ఇచ్చే అనుమతి ఆ క్లబ్ పడవలకే. బయట గుర్తింపు కావాలంటే బ్రిటన్‌లోని రాయల్ యాటింగ్ అసోసియేషన్ (ఆర్‌వైఏ) వారి డే స్కిప్పర్ వంటి కోర్సు మంచిది. దాని ప్రాక్టికల్ శిక్షణ ఐదు రోజులు. అందులో చేరేముందు ఐదు రోజులు పడవ మీద గడిపి, నాలుగు గంటల రాత్రి ప్రయాణంతో కలిపి 100 నాటికల్ మైళ్లు తిరిగి ఉండాలని ఆ సంస్థ సూచిస్తుంది. జీతానికి నడపాలంటే దానికి పై అర్హత అయిన యాట్‌మాస్టర్ స్థాయి, వాణిజ్య అనుమతి వరకు వెళ్లడం మేలు. మర్చంట్ నేవీ దారి పూర్తిగా వేరు, రెంటినీ కలిపి ఆలోచించకండి.

ప్రతి ప్రయాణాన్నీ ఈ రోజు నుంచే లాగ్‌బుక్‌లో రాయించండి: తేదీ, దూరం, గాలి, పడవలో తన బాధ్యత. వాతావరణం బాగాలేక బయల్దేరకుండా ఆగిన రోజులను, ఎందుకు ఆగిందో కారణంతో సహా, విడిగా రాసుకోమనండి. నన్నడిగితే, పడవను ఆమె చేతికి అప్పగించేవారికి చూపించవలసిన పేజీలు అవే.