20 అంతస్తుల క్రూయిజ్ ఓడ గాలివానకు బోల్తా పడదా?

పడదు. ఆరేళ్లు అలాంటి ఓడలో ప్లంబరుగా చేసి వచ్చినవాణ్ణి కాబట్టి ధైర్యంగా చెబుతున్నాను. మాది కావలి దగ్గర జువ్వలదిన్నె. ఖాళీ పడవ ఊగినంతగా ఐసూ చేపా అడుగున నింపుకున్న పడవ ఊగదని మా ఊళ్లో చిన్నపిల్లలకూ తెలుసు. ఓడలోనూ అంతే. జనరేటర్లు, ఇంధనం, నీళ్ల ట్యాంకులు, బరువైనవన్నీ అట్టడుగున ఉంటాయి. పక్కల నుంచి స్టెబిలైజర్ రెక్కలు కూడా చాపుతారు, కాకపోతే ఓడ నడుస్తున్నప్పుడే వాటికి బలం. 2024లో తిరగడం మొదలుపెట్టిన ‘ఐకాన్ ఆఫ్ ది సీస్’ 2,48,663 టన్నులని చదివి మా బంధువులంతా నోరు తెరిచారు. అది బరువు కాదు మహాప్రభో, లోపలి చోటును కొలిచే లెక్క! ఎంతమందికని చెప్పను?

అసలు అందరూ మునగడం గురించే అడుగుతారు, మరుగుదొడ్ల గురించి ఒక్కరూ అడగరు. ఆ ఓడలో ప్రయాణికులూ పనివాళ్లూ కలిసి దాదాపు పదివేల మంది పడతారు. ఓ మేజర్ పంచాయతీ అన్నమాట. నన్నడిగితే ఓడను నడిపేది కెప్టెను కాదు, పైపులు.

అక్కడ మన ఇళ్లలోలా నీళ్లు పోస్తే కిందికి జారే ఏర్పాటు కాదు. పైపుల్లోని గాలిని పంపులు లాగేస్తూ ఉంటాయి. బొత్తం నొక్కగానే వాల్వు తెరుచుకుని, లీటరు నీళ్లతో అంతా భుస్సుమని పోతుంది. ఓడ ఎటు ఒరిగినా ఇబ్బంది లేదు. కానీ ఒక్క వాల్వు సరిగ్గా మూసుకోకపోతే ఆ లైను మొత్తం పడకేస్తుంది.

ఒకసారి మయామీ నుంచి బయల్దేరిన రెండో రాత్రి, రెండు గంటలకు ఫోను. ఎనిమిదో డెక్కులో 40 గదుల్లో ఏదీ పనిచేయడం లేదు. నడవా గోడ పలకలు ఒక్కొక్కటే ఊడదీసి, పైపుకు చెవి ఆనించుకుంటూ వెళ్లాను. ఎక్కడో సన్నగా ఈల. నాలుగు గదులు దాటాక ఈల ముదిరింది. విప్పి చూస్తే వాల్వు నోట్లో బుల్లి తెల్ల తువ్వాలు! గదులు సర్దేవాళ్లు తువ్వాళ్లను ఏనుగులుగా, కోతులుగా మడిచి మంచం మీద పెడతారు. ఇది కుందేలట. ఆ గదిలోని పిల్లవాడు దానికి ఈత నేర్పుదామని వదిలాడు. వాళ్లమ్మ తలుపు సందులోంచి "ఇంకెంతసేపు?" అంది. వాడు మాత్రం "అయితే అది సముద్రంలోకి చేరలేదా?" అని మొహం వేలాడేశాడు. చేరదు నాయనా, మధ్యలో శుద్ధి చేసే యంత్రం ఉంది అని చెప్పాలనిపించింది గానీ, ఆ వేళకు ఓపిక లేదు.

ఓడలో ప్రతి వాల్వుకూ ఒక పలక, పలకకో నంబరు. నెల్లూరులో నేను కొన్న ఫ్లాటులో బిల్డరు పైపులన్నీ గోడల్లో పూడ్చేశాడు. లీకు ఎక్కడో తెలియక మూడు నెలల్లో రెండుసార్లు టైల్స్ పగలగొట్టాం. కింది ఇంటాయన తన సీలింగు మీది చెమ్మ చూపించి, "ఓడల్లో చేసొచ్చావు కదా అబ్బాయ్, నీకిదొక లెక్కా?" అంటాడు. ఇక్కడ గోడకు చెవి ఆనిస్తే పక్కింటి టీవీ తప్ప ఏమీ వినపడదు.