హెల్మెట్‌లో బ్లూటూత్ సంగతి తరువాత, ముందు ఆ ఎడమ చెవి చూపించుకోండి

ప్రశ్న: నా వయసు 33 సంవత్సరాలు. మెడికల్ రిప్రజెంటేటివ్‌గా గుంటూరు, తెనాలి, బాపట్ల, చీరాల ప్రాంతాల్లో పనిచేస్తున్నాను. రోజుకు సుమారు 120 కిలోమీటర్లు మోటార్‌సైకిల్ మీద తిరగాలి. దారిలో ఆఫీసు ఫోన్లు ఎత్తక తప్పదు కనుక ఆరు నెలల క్రితం హెల్మెట్‌లో బ్లూటూత్ హెడ్‌సెట్ పెట్టించుకున్నాను. స్పీకర్లు చెవులకు ఒత్తుకుంటుంటే లోపలి థర్మాకోల్‌ను బ్లేడుతో కొంచెం చెక్కాను. బ్లూటూత్ రేడియేషన్ వల్ల మెదడులో గడ్డలు వస్తాయని ఇంట్లో భయపడుతున్నారు. అది నిజమేనా? వాల్యూమ్ ఎంత వరకు పెట్టుకోవచ్చు? ఇలా మాట్లాడుతూ వెళితే చలానా పడుతుందా? ఇంకొక చిన్న విషయం. తొమ్మిది రోజుల క్రితం నిద్ర లేచేసరికి ఎడమ చెవి మూసుకుపోయినట్టు అనిపించింది, సన్నగా కూత కూడా వినిపిస్తోంది. గులిమి అనుకుని నా బ్యాగులో ఉన్న శాంపిల్ చుక్కలు వేసుకుంటున్నాను. ఫోన్ మాత్రం కుడి చెవికి మార్చుకున్నాను.
ఒక పాఠకుడు, గుంటూరు జిల్లా

జవాబు: మీరు మూడు ప్రశ్నలు వరుసగా అడిగి, అసలు అడగవలసిన దానిని చివర ‘ఇంకొక చిన్న విషయం’ అని చేర్చారు. ఓపీలో కూడా ఇదే జరుగుతుంటుంది. పావుగంట మాట్లాడిన తరువాత, గుమ్మం దాటబోతూ వెనక్కి తిరిగి చెప్పే మాటలోనే చాలాసార్లు జబ్బు బయటపడుతుంది. మీ లేఖలో నన్ను ఆపిన మాట హెల్మెట్ కాదు, బ్లూటూత్ కాదు. ఫోన్‌ను కుడి చెవికి మార్చుకున్నానని రాశారే, ఆ మాట. మూసుకుపోయినట్టు అనిపించడం వేరు, వినికిడి తగ్గడం వేరు. ఎడమ చెవితో మాట అర్థం కాకపోతే తప్ప ఎవరూ అలవాటైన చెవిని మార్చుకోరు.

చెవిని చూడకుండా నేను నిర్ధారణ చెప్పలేను, చెప్పకూడదు కూడా. గులిమి గట్టిపడి అడ్డం పడి ఉండవచ్చు. జలుబు వల్ల కర్ణభేరి వెనుక నీరు చేరి ఉండవచ్చు. హెల్మెట్‌లో చెమట పట్టి చెవి రంధ్రంలో బూజు పట్టి ఉండవచ్చు. కోస్తా జిల్లాల ఉక్కపోతలో ఇది మేము తరచుగా చూసేదే. ఇవన్నీ తేలికగా తగ్గేవి. కానీ రాత్రి బాగానే పడుకుని, ఉదయం లేచేసరికి ఒకే చెవి మూసుకుపోయి, వెంట కూత కూడా ఉంటే, మరొక కారణం కాదని తేలేవరకు దానిని మేము అత్యవసరంగానే భావిస్తాము. లోపలి చెవి, అంటే శబ్దాన్ని నాడీ సంకేతంగా మార్చే భాగం, ఉన్నట్టుండి దెబ్బతినడం వల్ల కూడా సరిగ్గా ఇలాగే ఉంటుంది. 72 గంటలలోపు, వరుసగా మూడు ఫ్రీక్వెన్సీలలో (శబ్ద శ్రుతులలో) కనీసం 30 డెసిబెల్స్ వినికిడి పడిపోతే దానిని ఆకస్మిక వినికిడి లోపం అంటాము. ఎక్కువ మందిలో దీనికి కారణం దొరకదు. కొందరిలో తనంతట తానే కొంత తగ్గుతుంది. చిక్కంతా అక్కడే ఉంది, ఎందుకంటే అలా తగ్గిన పక్కింటివారిని చూసి మిగిలినవారు కూడా ఎదురు చూస్తూ కూర్చుంటారు. స్టెరాయిడ్ చికిత్స వల్ల ప్రయోజనం ఉండాలంటే దానిని వీలైనంత త్వరగా, మొదటి రెండు వారాలలోపే మొదలుపెట్టడం మేలు. ఆ తరువాత కర్ణభేరి గుండా ఇంజెక్షన్ ఇచ్చి ప్రయత్నించే అవకాశం మరికొన్ని వారాలు ఉంటుంది గాని, రోజులు గడిచేకొద్దీ మా చేతిలో ఉండేది తగ్గిపోతుంది.

మీరు రాసిన నాటికి తొమ్మిది రోజులు గడిచాయి. ఈ జవాబు మీ కంట పడేసరికి ఎన్ని రోజులవుతాయో నాకు తెలియదు. అందుచేత మిగిలినది తరువాత చదువుకోవచ్చు, ముందు ఈ రోజే ఈఎన్టీ వైద్యుడి దగ్గరకు వెళ్ళండి. గుంటూరులోనే ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి ఉంది. ఊళ్ళో ప్రైవేటు నిపుణులకూ కొదవ లేదు. రెండు వారాలు దాటిపోయినా సరే, ఇక లాభం లేదనుకుని మానవద్దు.

మీరు వేసుకుంటున్న చుక్కల గురించి కొంచెం కటువుగా చెప్పక తప్పదు. మందుల పేర్లు, మోతాదులు, వాటి గుణగణాలు మాలాంటి వైద్యులకు వచ్చి వివరించేది మీరే. అయినా సీసా మీద ఏముందో మీరు రాయలేదు. అందులో నియోమైసిన్ గాని జెంటామైసిన్ గాని అనే యాంటీబయాటిక్ ఉంటే, కర్ణభేరికి రంధ్రం ఉన్న చెవిలో అవి లోపలికి దిగి వినికిడినే దెబ్బతీయగలవు. రంధ్రం ఉందో లేదో అద్దం ముందు నిలబడి మీరు చూసుకోలేరు. బూజు పట్టిన చెవిలో యాంటీబయాటిక్, స్టెరాయిడ్ కలిసిన చుక్కలు వేస్తే బూజు తగ్గకపోగా మరింత పెరుగుతుంది. ‘చుక్కల్లో స్టెరాయిడ్ ఉంది కదా, ఆ చికిత్స నాకు ఇప్పటికే అందుతోంది’ అని మీరు అనుకునే అవకాశం ఉంది కనుక అదీ చెబుతున్నాను. చెవి రంధ్రంలో వేసిన చుక్క, చిల్లు లేని కర్ణభేరిని దాటి లోపలి చెవిని నయం చేసేంతగా చేరదు. అలాగని ఇది చదివి బ్యాగులోని స్టెరాయిడ్ మాత్రలు మొదలుపెట్టవద్దు. రక్తపోటు, చక్కెర, కడుపులో పుండ్లు, పాత క్షయ వంటివి విచారించకుండా అవి వేసుకోవడం మరో ప్రమాదానికి దారి తీస్తుంది.

ఇది మీ ఒక్కరి తప్పు కాదు. చెవికి ఏమి వచ్చినా మనవాళ్ళు ముందు వేడి చేసిందంటారు, తరువాత కొబ్బరినూనెలో వెల్లుల్లి రెబ్బ కాచి పోస్తారు, అప్పటికీ తగ్గకపోతే మందుల దుకాణంలో అడిగి చుక్కలు తెచ్చుకుంటారు, ఆ చుక్కలు అయిపోయాక మా దగ్గరకు వస్తారు. ఈలోగా నెల గడుస్తుంది. నూనె పోసిన చెవిని శుభ్రం చేసి కర్ణభేరిని చూడడానికే నాకు సగం సమయం పడుతుంది. చదువుకున్నవారు నూనె మానేశారు గాని, ఆ నెల రోజుల ఆలస్యాన్ని మానలేదు.

మేము నమ్మే పరీక్ష ఒకటి ఉంది, దానిని మీరూ ఇంట్లో చేసి చూడవచ్చు. నోరు మూసుకుని ‘మ్’ అని కాసేపు మూలగండి. ఆ ధ్వని మూసుకుపోయిన ఎడమ చెవిలోనే గట్టిగా వినిపిస్తే గులిమి, నీరు వంటి అడ్డంకి ఉండే అవకాశం ఎక్కువ. బాగున్న కుడి చెవి వైపు వినిపిస్తే లోపలి చెవి మీద అనుమానం బలపడుతుంది. ట్యూనింగ్ ఫోర్క్‌తో, అంటే తట్టితే మోగే లోహపు కవ్వతో, మేము చేసే పరీక్షకు ఇది మోటు రూపం మాత్రమే. ఫలితం మొదటి రకంగా వచ్చినంత మాత్రాన ప్రయాణం మానుకోవద్దు. ఆసుపత్రిలో చెవి లోపల చూసిన తరువాత ప్యూర్ టోన్ ఆడియోమెట్రీ అనే వినికిడి పరీక్ష చేస్తారు. నాడికి సంబంధించిన లోపం అని తేలితే ఎంఆర్ఐ కూడా రాయవచ్చు. వినికిడి నాడి మీద నెమ్మదిగా పెరిగే, క్యాన్సర్ కాని గడ్డ ఒకటి కొద్దిమందిలో ఇలా బయటపడుతుంది కనుక అది లేదని చూసుకోవడానికే ఆ పరీక్ష. స్కానింగ్ అనగానే కంగారు పడవలసిన పని లేదు, దానికి మీ బ్లూటూత్‌తో ముడిపెట్టవలసిన పని అంతకన్నా లేదు.

బ్లూటూత్ గురించి మీ ఇంట్లోవారి భయానికి క్లుప్తంగా సమాధానం ఇది. బ్లూటూత్ 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర పనిచేసే రేడియో తరంగం. ఎక్స్‌రే లాగా కణంలోని జన్యు పదార్థాన్ని విడగొట్టే శక్తి దానికి లేదు. ఇటువంటి పరికరాల్లో చాలావాటి శక్తి కొద్ది మిల్లీవాట్లే, ఎక్కువ దూరం పనిచేసే రకాల్లో 100 మిల్లీవాట్ల వరకు ఉండవచ్చు. చెవికి ఆనించుకుని మాట్లాడే ఫోన్ నుంచి తలకు అందేది సాధారణంగా దీనికన్నా ఎక్కువ. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2011లో రేడియో తరంగాలను ‘బహుశా కారణం కావచ్చు’ అనే 2బి వర్గంలో చేర్చిన మాట నిజం. సాక్ష్యం పరిమితంగా ఉందని ఆ వర్గానికి అర్థం, రుజువైందని కాదు. నా భయాల జాబితాలో ఇది చాలా కింద ఉంటుంది.

పైన ఉండేది శబ్దం. హెల్మెట్ పెట్టుకుంటే చెవులకు రక్షణ ఉంటుందని చాలామంది అనుకుంటారు. నిజానికి మెడ దగ్గర హెల్మెట్ అంచు కింద గాలి సుళ్ళు తిరిగి, గంటకు 80 కిలోమీటర్లు దాటిన వేగంలో లోపలి హోరు 90 డెసిబెల్స్‌కు పైగా ఉండడం మామూలే. కార్మికుల వినికిడి విషయంలో మేము అనుసరించే లెక్క ప్రకారం 85 డెసిబెల్స్ శబ్దాన్ని రోజుకు ఎనిమిది గంటలు భరించవచ్చు. ఆపైన ప్రతి మూడు డెసిబెల్స్‌కు ఆ సమయం సగానికి పడిపోతుంది. 88 అయితే నాలుగు గంటలు, 91 అయితే రెండు, 100 అయితే పావుగంట. మీరు స్పీకర్ ఆన్ చేయకముందే, గాలి హోరు ఒక్కటే మీ రోజువారీ వాటాను తినేస్తోందన్నమాట. ఆ హోరును మించి అవతలివారి మాట వినిపించాలంటే స్పీకర్‌ను ఇంకా పెంచాలి. డబ్బా మీద నాయిస్ క్యాన్సిలేషన్ అని ఉంటే మురిసిపోవద్దు, అది చాలా హెడ్‌సెట్లలో మైకుకు సంబంధించినది. అవతలివారికి మీ గొంతు స్పష్టంగా వినిపిస్తుంది గాని, మీ చెవికి తగిలే హోరు అంతే ఉంటుంది. వేగాన్ని బట్టి వాల్యూమ్ తనంతట తానే పెరిగే సదుపాయం ఉంటే దానిని ఆపివేయండి.

అందుకే వాల్యూమ్ ఎంత అన్నదానికి నేను అంకె చెప్పలేను. బండి ఆపి ఉన్నప్పుడు హాయిగా వినిపించే స్థాయిలో పెట్టుకోండి. దారిలో వినిపించకపోతే బండిని పక్కకు ఆపి మాట్లాడండి, వాల్యూమ్ పెంచవద్దు. సిగ్నల్ దగ్గర ఆగగానే స్పీకర్ శబ్దం చెవి మీద కొట్టినట్టు అనిపిస్తే, అప్పటిదాకా అది మితిమీరి ఉందని అర్థం. సాయంత్రం ఇల్లు చేరాక రెండు చెవుల్లోనూ హోరు ఉండి తెల్లవారేసరికి తగ్గిపోతుంటే అది అలసట కాదు, లోపలి చెవిలోని సున్నితమైన కణాలు దెబ్బతింటున్నాయని హెచ్చరిక. ఆ కణాలు ఒకసారి పోతే మనిషిలో తిరిగి మొలవవు. రోజూ అంత దూరం తిరిగేవారు స్పాంజి ఇయర్‌ప్లగ్‌లు వాడడం మంచిది. గాలి హోరు, స్పీకర్ మాట రెండూ ఒకే తీరుగా తగ్గుతాయి కనుక మాట అర్థం కాకుండా పోదు. అయితే మీ ఎడమ చెవిని వైద్యుడు చూసేవరకు అందులో ఏదీ పెట్టవద్దు.

గమనించవలసిన తేడా ఇంకొకటి ఉంది. శబ్దం వల్ల నష్టం జరిగితే సాధారణంగా అది నెమ్మదిగా, రెండు చెవులకూ జరుగుతుంది. మీకు ఒకే చెవికి, ఒక్క రాత్రిలో జరిగింది. అందుకే ఈ నిందను హెడ్‌సెట్ మీద వేసి, దానిని తీసేస్తే సరిపోతుందని మీరు తృప్తి పడకూడదని ఇంత వివరంగా రాస్తున్నాను.

హెల్మెట్ థర్మాకోల్‌ను చెక్కడం మాత్రం చాలా పొరపాటు. తల నేలకు తగిలినప్పుడు నలిగిపోయి ఆ దెబ్బను తాను తీసుకునేది ఆ పొరే. ఐఎస్ఐ గుర్తు వేసేముందు పరీక్షించేది చెక్కని హెల్మెట్‌ను. పైగా మీరు పలుచన చేసిన చోటు సరిగ్గా చెవి దగ్గర, కణత ఎముక మీదికి వస్తుంది. లోపలి చెవి, ముఖాన్ని కదిలించే నాడి రెండూ ఆ ఎముకలోనే ఉంటాయి. అది విరిగినవారిలో చెవుడు, మూతి వంకర పోవడం, చెవిలోంచి మెదడు చుట్టూ ఉండే నీరు కారడం మేము చూస్తుంటాము. ఆ హెల్మెట్‌ను పక్కన పడేసి, స్పీకర్లకు ముందే గుంటలు ఉన్న రకం కొనుక్కోండి.

చలానా సంగతి నా పరిధిలోనిది కాదు, రవాణా శాఖ వారినో ట్రాఫిక్ పోలీసులనో అడగండి. వైద్యుడిగా నేను చెప్పగలిగింది ఒకటే. చేతులు హ్యాండిల్ మీదే ఉన్నా, నెల టార్గెట్ గురించి అవతలివారు నిలదీస్తుంటే ధ్యాస రోడ్డు మీద ఉండదు. దారి చెప్పే గొంతు వినడం, వాదన పెట్టుకోవడం ఒకటి కావు.

ఈఎన్టీ వైద్యుడి దగ్గరకు వెళ్ళేటప్పుడు ఆ చుక్కల సీసాను వెంట తీసుకువెళ్ళండి, ఎన్ని రోజులు, ఎన్ని చుక్కలు వేసుకున్నారో దాచకుండా చెప్పండి. గులిమి కోసం పుల్లలు, పిన్నీసులు పెట్టి కెలికి ఉంటే అదీ చెప్పండి. తల తిరుగుతున్నా, నడుస్తుంటే తూలుతున్నా బండి తీయవద్దు, ఎవరినైనా తోడు తీసుకుని బస్సులోనో ఆటోలోనో వెళ్ళండి. ముఖం ఒకవైపు జారినట్టు అనిపించినా, మాట తడబడినా, చేయి గాని కాలు గాని పట్టు తప్పినా ఓపీ సమయం కోసం ఆగకుండా 108కి ఫోన్ చేయండి.